లాల్ బహదూర్ స్టేడియం (ఫతే మైదాన్), హైదరాబాద్

లాల్ బహదూర్ స్టేడియం హైదరాబాద్ నడిబొడ్డున, బషీర్‌బాగ్ కూడలికీ శాసనసభ భవనానికీ మధ్యనున్న బహుళ క్రీడా ప్రాంగణం. దీని పాత పేరు ఫతే మైదాన్ కాగా, నగరవాసుల వాడుకలో ఇది ఎల్బీ స్టేడియం. బహుళ క్రీడా ప్రాంగణమంటే ఒకే ఆటకు ప్రత్యేకించకుండా ఫుట్‌బాల్, క్రికెట్ వంటి వేర్వేరు ఆటలకు అదే నేలను మార్చి మార్చి వాడుకునే చోటు. సుమారు 30,000 మంది ప్రేక్షకులకు సరిపోతుందని సాధారణంగా పేర్కొనే ఈ స్టేడియం రాష్ట్ర ప్రభుత్వ క్రీడా ప్రాధికార సంస్థ నిర్వహణలో ఉంది. భారత ఫుట్‌బాల్‌కు హైదరాబాద్ అత్యధికంగా క్రీడాకారులను అందించిన దశాబ్దాలలో నగరంలోని ప్రధాన ఆటస్థలాలలో ఇది ఒకటి. ఫుట్‌బాల్ వేదికగా దీని చరిత్ర, ఆ పాత్రను ఇరవై ఒకటో శతాబ్దంలో అందుకున్న గచ్చిబౌలి స్టేడియం, ఈ రెండు చోట్లకూ చేరుకునే మార్గాలు ఈ వ్యాసంలోని ముఖ్యాంశాలు.

పేరు, తొలి చరిత్ర

ఫతే అంటే విజయం, మైదాన్ అంటే బయలు. పేరులోని విజయం ఆటకు సంబంధించినది కాదు, యుద్ధానికి సంబంధించినది. 1687లో మొగలు చక్రవర్తి ఔరంగజేబు గోల్కొండ కోటను సుమారు ఎనిమిది నెలల పాటు ముట్టడించినప్పుడు ఆయన సైన్యంలో కొంతభాగం ఈ బయలులో విడిది చేసిందనీ, కోట లొంగి చివరి కుతుబ్‌షాహీ సుల్తాను అబుల్ హసన్ తానాషా బందీ అయిన తరువాత ఈ చోటికి ఫతే మైదాన్ అనే పేరు స్థిరపడిందనీ చెబుతారు. మైదానానికి దగ్గరలోని గుట్టకు నౌబత్ పహాడ్ అని పేరు. నౌబత్ అంటే నగారా మోత. ప్రభుత్వ ఫర్మానాలను నగారా మోగించి ఆ గుట్ట మీద నుంచి చదివి వినిపించేవారన్నది స్థానిక కథనం. ఇప్పుడు బిర్లా మందిరం ఉన్నది ఆ గుట్ట మీదనే.

ఆసఫ్‌జాహీల కాలంలో ఈ బయలు గుర్రాలపై స్వారీ చేస్తూ కర్రలతో బంతిని కొట్టే పోలో ఆటకు నెలవైంది. ప్రభువర్గపు ఆటకు చదును చేసిన నేల కాలక్రమంలో సామాన్యుల ఆటలకు దక్కడం హైదరాబాద్‌లో ఒక్క ఫతే మైదాన్ విషయంలోనే జరిగినది కాకపోయినా, ఆ మార్పు ఇంత స్పష్టంగా కనిపించే చోటు నగరంలో మరొకటి లేదు. 1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో విలీనమయ్యాక, 1950ల నుంచి ఇక్కడ ప్రేక్షకుల కోసం శాశ్వత కట్టడాలు వచ్చాయి. 1966 జనవరి 11న తాష్కెంట్‌లో కన్నుమూసిన ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి జ్ఞాపకార్థం 1967లో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. పాత పేరు మాత్రం చెరిగిపోలేదు. స్టేడియానికి ఆనుకొని ఉన్న క్లబ్బు నేటికీ ఫతే మైదాన్ క్లబ్బే.

హైదరాబాద్ ఫుట్‌బాల్, ఫతే మైదాన్

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాలలో ఫుట్‌బాల్ రెండు దారుల్లో పాదుకుంది. ఒకటి సికింద్రాబాద్, బొల్లారం కంటోన్మెంట్లలో బ్రిటిషు సైనిక దళాలు ఆడిన ఆట, రెండోది నిజాం రాజ్యంలోని పాఠశాలలు, కళాశాలలు, పోలీసు దళాలు పెంచి పోషించిన ఆట. నిజాం సైన్యంలో చేరిన అరబ్బు కుటుంబాలు స్థిరపడిన బార్కస్ మొదలుకొని మల్లేపల్లి, ఆసిఫ్‌నగర్, బొల్లారం వరకు అనేక పేటల్లో చిన్నపిల్లలు ఇరుకు మైదానాలలో, చాలామంది వట్టి కాళ్లతోనే, ఈ ఆట నేర్చుకున్నారు. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు పునాది ఈ పేటల మైదానాలే కాని స్టేడియాలు కావు. ఫతే మైదాన్, సికింద్రాబాద్ జింఖానా, గోషామహల్ పోలీసు మైదానం వంటివి పేటల్లో తయారైన ఆటగాళ్లు తమ సత్తా చూపుకునే చోట్లు మాత్రమే. 1939లో ఏర్పడిన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం ఆటను ఒక క్రమంలోకి తెచ్చింది.

ఈ చరిత్రకు కేంద్ర వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963). వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడి, 1943 నుంచి మరణించేవరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకూ భారత జట్టుకూ శిక్షకుడిగా పనిచేశారు. నగరంలోని కుర్రవాళ్ల కోసం ఆయన ప్రవేశపెట్టిన పోటీలు ఆ రోజులకు చాలా కొత్తవి. బంతిని కాళ్ల మధ్య ఆడించుకుంటూ ప్రత్యర్థులను తప్పించుకుపోవడాన్ని డ్రిబ్లింగ్ అంటారు. డ్రిబ్లింగ్ పూర్తిగా నిషేధించి, బంతి అందిన వెంటనే సహచరుడికి అందించి తీరాలనే నియమంతో ఆయన పోటీలు నడిపించారు. కుడికాలి వాటం ఉన్నవారు ఎడమకాలితోనే ఆడాలన్న నియమంతోనూ పోటీలు జరిగాయి. ఈ సాధన వల్ల హైదరాబాద్ ఆటగాళ్లకు పొట్టి పాసుల వేగం, రెండు కాళ్లతోనూ ఆడే నేర్పు అలవడి, దేశంలోని ఇతర జట్ల నుంచి వారిని వేరుపరిచే ఒక శైలి ఏర్పడింది.

ఫలితాలు త్వరలోనే కనిపించాయి. 1891లో బొంబాయిలో మొదలైన రోవర్స్ కప్‌ను హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు గెలుచుకుంది. 1888లో సిమ్లాలో ఆరంభమై ఆసియాలోనే అతి పురాతన ఫుట్‌బాల్ పోటీగా పేరుపొందిన డ్యూరాండ్ కప్‌ను అదే జట్టు 1950లో మొదటిసారి, ఆ తరువాత 1961 నాటికి మరి మూడుసార్లు గెలిచింది. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే జాతీయ పోటీయైన సంతోష్ ట్రోఫీ 1956–57, 1957–58 సంవత్సరాలలో హైదరాబాద్‌కు దక్కింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడా కొంతకాలం జట్టు హైదరాబాద్ పేరుతోనే పోటీల్లో పాల్గొన్నదని దీనివల్ల తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ పేరుతో ఆ ట్రోఫీ గెలిచినది 1965–66లో ఒక్కసారే.

భారత జట్టులో హైదరాబాద్ వాటా ఈ కాలంలో ఎంత పెద్దదో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ చెబుతాయి. రహీం శిక్షణలో భారత జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో, కాంస్య పతక పోటీలో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో భారతదేశం చేరిన అత్యున్నత స్థానం నేటికీ అదే. తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, ఎస్.కె. అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదీలు ఆ జట్టులో ఉన్నారు. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో సామాన్య కుటుంబంలో పుట్టిన బలరాం దేశం చూసిన గొప్ప ముందువరుస ఆటగాళ్లలో ఒకరిగా గుర్తింపు పొందారు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి భారత జట్టు ఆసియా క్రీడల స్వర్ణం గెలిచినప్పుడు రహీం అప్పటికే కేన్సర్‌తో బాధపడుతున్నారు. తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న ఆయన మరణించారు.

రహీం అనంతరం ఆటగాళ్లు పుట్టుకు రావడం ఆగలేదు కాని, వారు నగరంలో ఉండిపోవడం ఆగిపోయింది. బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిన బాటలోనే సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటి తరువాతి తరం వారు కలకత్తా క్లబ్బులలో చేరి పేరు గడించారు. కలకత్తాలో వేతనం, ఉద్యోగం, నిండిన స్టేడియాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో ఆటను పోషించినవి క్లబ్బులు కావు, పోలీసు శాఖ వంటి ప్రభుత్వ విభాగాలు, ప్రభుత్వరంగ సంస్థలు. అలాంటి సంస్థల జట్లలో ఆటగాళ్ల నియామకాలు తగ్గుతూ వచ్చేసరికి స్థానిక లీగు బలహీనపడింది. ఫుట్‌బాల్ క్షీణతకు క్రికెట్ ఆదరణను మాత్రమే కారణంగా చూపడం పరిపాటి. ఉద్యోగ వ్యవస్థ కూలిపోవడం అంతకంటె బలమైన కారణమని ఆటగాళ్ల ప్రయాణాలను గమనిస్తే అర్థమవుతుంది. (చూడండి: గచ్చిబౌలి స్టేడియం)

క్రికెట్ వేదికగా

దేశమంతటా ఈ స్టేడియం పేరు మోగడానికి కారణం క్రికెట్టే. అయిదు రోజుల అంతర్జాతీయ పోటీయైన టెస్టు మ్యాచ్‌లు ఇక్కడ మూడు జరగగా, మూడింటిలోనూ భారత ప్రత్యర్థి న్యూజిలాండే. 1955 నవంబరులో జరిగిన మొదటి టెస్టులో హైదరాబాదీ అయిన గులాం అహ్మద్ భారత జట్టుకు నాయకత్వం వహించగా, పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసి టెస్టులలో ద్విశతకం సాధించిన తొలి భారతీయుడయ్యారు. తరువాతి టెస్టులు 1969లో, 1988లో జరిగాయి, చివరిది భారత్ గెలిచింది.

ఒకరోజు మ్యాచ్‌లలో రెండు గుర్తుంచుకోదగినవి. 1987 మార్చి 20న భారత్, పాకిస్తాన్ రెండూ 212 పరుగులే చేసినా, తక్కువ వికెట్లు కోల్పోయినందువల్ల అప్పటి నిబంధనల ప్రకారం భారత్‌ను విజేతగా ప్రకటించారు. 1999 నవంబరు 8న న్యూజిలాండ్‌పై సచిన్ తెందూల్కర్ (186 నాటౌట్), రాహుల్ ద్రావిడ్ (153) రెండో వికెట్‌కు 331 పరుగులు జోడించారు. ఒకరోజు క్రికెట్‌లో ఏ వికెట్‌కైనా అదే అత్యధిక భాగస్వామ్యంగా 2015 వరకు నిలిచింది. 1987, 1996 ప్రపంచకప్పులలో ఒక్కో మ్యాచ్ ఇక్కడ జరిగింది. 2003 నవంబరు తరువాత అంతర్జాతీయ ఒకరోజు మ్యాచ్‌లు ఇక్కడ ఆగిపోయాయి. 2005లో ఉప్పల్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ స్టేడియం వాటికి వేదిక అయింది.

ఆట నేల, కట్టడపు తీరు

ఫుట్‌బాల్ మైదానం దీర్ఘచతురస్రం, అంతర్జాతీయ మ్యాచ్‌లకు సాధారణంగా దాని పొడవు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు ఉంటుంది. క్రికెట్‌కు కావలసినది గుండ్రటి లేదా అండాకారపు, ఇంకా విశాలమైన బయలు. లాల్ బహదూర్ స్టేడియం గ్యాలరీలు రెండో కొలతను అనుసరించి కట్టినవి కావడంతో ఫుట్‌బాల్ ఆడేటప్పుడు దీర్ఘచతురస్రాన్ని ఆ బయలు మధ్యలో గీయవలసి వస్తుంది. దానివల్ల ప్రేక్షకుడికీ పక్కగీతకూ మధ్య దూరం పెరిగి, అవతలి గోలు దగ్గరి ఆట స్పష్టంగా అందదు. క్రికెట్ కోసం మధ్యలో గట్టిగా రోలరు తొక్కించి తయారుచేసే పిచ్ ఫుట్‌బాల్ ఆటగాడికి మరో ఇబ్బంది, ఎందుకంటే పచ్చిక మీద దొర్లే బంతి ఆ గట్టి నేల మీద ఎగిరిపడుతుంది, పడిన ఆటగాడికి గాయమూ ఎక్కువ. భారతీయ నగరాల్లోని పాత బహుళ క్రీడా ప్రాంగణాలు చాలావాటికి ఉన్న చిక్కే ఇది.

రాత్రి ఆటకు ఫ్లడ్‌లైట్ స్తంభాలు ఉన్నాయి. ఫ్లడ్‌లైటంటే ఎత్తయిన స్తంభాల మీద గుత్తులుగా అమర్చి, నీడలు ఒకదాన్నొకటి చెరిపేసుకునేలా నాలుగు వైపుల నుంచి వెలుగు పరిచే దీపాలు. ప్రధాన మైదానం పక్కనే ఇండోర్ స్టేడియం, ఈత కొలను, టెన్నిస్ కోర్టులు ఉండడంతో మొత్తం ప్రాంగణం నగరం మధ్య ఒక క్రీడా సముదాయంగా రూపుదిద్దుకుంది. వేసవి సెలవుల్లో క్రీడా ప్రాధికార సంస్థ పిల్లలకు నడిపే శిక్షణ శిబిరాల వల్ల ఏప్రిల్, మే నెలల ఉదయాలు ఇక్కడ సందడిగా ఉంటాయి.

2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్

అంతర్జాతీయ క్రికెట్ ఉప్పల్‌కు తరలిన కొద్ది సంవత్సరాలకే ఈ నేల మీదికి అంతర్జాతీయ ఫుట్‌బాల్ తిరిగివచ్చింది. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యకే ఏఎఫ్‌సీ అని పేరు. ఆట అప్పుడప్పుడే ఎదుగుతున్న దేశాల కోసం ఆ సమాఖ్య నడిపిన పోటీ ఛాలెంజ్ కప్. 2008 జులై 30న మొదలైన ఆ పోటీలో భారత్ తన గ్రూపు మ్యాచ్‌లను హైదరాబాద్‌లో ఆడింది. గ్రూపులోని మిగతా జట్లు ఆఫ్ఘనిస్తాన్, తజికిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్. ఆఫ్ఘనిస్తాన్‌తో జరిగిన తొలి మ్యాచ్‌లో నిర్ణీత సమయం ముగిశాక, ఆగిన ఆటకు బదులుగా కలిపే అదనపు నిమిషాలలో క్లైమాక్స్ లారెన్స్ కొట్టిన గోలుతో భారత్ 1–0తో గట్టెక్కింది.

సెమీఫైనల్లో మయన్మార్‌ను ఓడించిన భారత జట్టు ఆగస్టు 13న ఢిల్లీలో జరిగిన ఫైనల్లో సునీల్ ఛెత్రీ చేసిన మూడు గోల్స్ సాయంతో తజికిస్తాన్‌పై 4–1తో గెలిచి, 1984 తరువాత మొదటిసారిగా 2011 ఆసియా కప్‌కు అర్హత సంపాదించింది. ఫలితం తేలినది ఢిల్లీలోనే అయినా, ఆ ప్రయాణం మొదలైనది హైదరాబాద్ వానాకాలంలో.

సభలు, ప్రమాణ స్వీకారాలు

శాసనసభకు కూతవేటు దూరంలో ఉండడం, ఒకేసారి వేలమందిని కూర్చోబెట్టగలగడం అనే రెండు సౌకర్యాల వల్ల స్టేడియం రాజకీయ, సాంస్కృతిక వేదికగానూ మారింది. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా, 2023 డిసెంబరు 7న ఎ. రేవంత్ రెడ్డి తెలంగాణ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసినది ఇక్కడే. 2017 డిసెంబరు 15 నుంచి 19 వరకు జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలకూ ఇదే ప్రధాన వేదిక. దేశంలోని ఇతర రాష్ట్రాల నుంచి, విదేశాల నుంచి వచ్చిన తెలుగువారిలో చాలామంది ఈ స్టేడియాన్ని మొదటిసారి చూసినది ఒక ఆట కోసం కాక ఒక సాహిత్య సభ కోసం కావడం దీని చరిత్రలో ప్రత్యేకమైన విషయం. అయితే పెద్ద సభ జరిగిన ప్రతిసారీ వేదికలు, కుర్చీలు, వాహనాల బరువుకు పచ్చిక దెబ్బతిని, మళ్లీ ఆటకు పనికివచ్చేలా కోలుకోవడానికి వారాలు పడుతుంది. సభకూ ఆటకూ ఒకే నేల అయినప్పుడు నష్టపోయేది ఎప్పుడూ ఆటే.

గచ్చిబౌలి స్టేడియం

జి.ఎం.సి. బాలయోగి అథ్లెటిక్ స్టేడియం నగరానికి పడమట, పాత ముంబై రహదారి మీద గచ్చిబౌలిలో ఉంది. 2002 డిసెంబరులో హైదరాబాద్ ఆతిథ్యమిచ్చిన జాతీయ క్రీడల సందర్భంగా నిర్మించిన క్రీడా గ్రామంలో ఇది ముఖ్య భాగం. కోనసీమకు చెందిన నాయకుడు, లోక్‌సభకు తొలి దళిత స్పీకరు అయిన జి.ఎం.సి. బాలయోగి 2002 మార్చి 3న కైకలూరు సమీపంలో హెలికాప్టరు ప్రమాదంలో మరణించగా, ఆయన పేరును దీనికి పెట్టారు. 2003 అక్టోబరు 24 నుంచి నవంబరు 1 వరకు జరిగిన తొలి ఆఫ్రో–ఏషియన్ క్రీడలు, 2007 అక్టోబరులో జరిగిన ప్రపంచ సైనిక క్రీడలు దీనిని అంతర్జాతీయ పటంలోకి తెచ్చాయి. ఆఫ్రో–ఏషియన్ క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో భారత్ 0–1తో ఉజ్బెకిస్తాన్ చేతిలో ఓడి రజతం అందుకుంది.

అథ్లెటిక్ స్టేడియమంటే ఫుట్‌బాల్ నేల చుట్టూ పరుగుపందేల కోసం 400 మీటర్ల సింథటిక్ ట్రాక్ ఉన్నది. లాల్ బహదూర్ స్టేడియంలో క్రికెట్ బయలు ప్రేక్షకుడిని ఆటకు దూరం చేస్తే, ఇక్కడ ట్రాక్ ఆ పని చేస్తుంది. గోలు వెనుక కూర్చున్నవారికి ఈ దూరం మరీ ఎక్కువగా తెలుస్తుంది. కాబట్టి నగరంలోని రెండు పెద్ద ఫుట్‌బాల్ వేదికలలో ఏ ఒక్కటీ ఫుట్‌బాల్ కోసమే కట్టినది కాదు. ఒలింపిక్ జట్టుకు అంతమంది ఆటగాళ్లనిచ్చిన నగరానికి ఇది చిన్న లోటు కాదు.

2019 ఆగస్టులో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ గచ్చిబౌలిని సొంత మైదానంగా ఎంచుకుంది. ఆ క్లబ్బు ఆడినది 2014లో మొదలైన జాతీయ స్థాయి వృత్తి పోటీ ఇండియన్ సూపర్ లీగ్‌లో. 2019 నవంబరు 2న ఇక్కడ ఆడిన తొలి సొంత మ్యాచ్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను 2–1తో ఓడించింది. కొవిడ్ కారణంగా తరువాతి రెండు సీజన్లు పూర్తిగా గోవాలోనే జరిగాయి. స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ శిక్షణలో హైదరాబాద్ ఎఫ్‌సీ లీగు విజేత అయినది ఆ ప్రవాసంలోనే: 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో స్కోరు 1–1గా సమమయ్యాక పెనాల్టీ కిక్కులలో 3–1తో గెలిచింది. నగరపు క్లబ్బు దేశ విజేత అయిన రోజున గచ్చిబౌలి గ్యాలరీలు ఖాళీగా ఉన్నాయి.

అదే మార్కెజ్ 2024లో భారత జట్టు శిక్షకుడైనప్పుడు, ఆయన తొలి మ్యాచ్ సెప్టెంబరు 3న గచ్చిబౌలిలోనే మారిషస్‌తో జరిగి 0–0గా ముగిసింది. ఇంటర్‌కాంటినెంటల్ కప్ అనే ఆ మూడు జట్ల పోటీలో భారత్‌ను 3–0తో ఓడించిన సిరియా విజేతగా నిలిచింది. అదే ఏడాది నవంబరు 18న మలేసియాతో మ్యాచ్ 1–1గా తేలింది. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా ఈ స్టేడియంలోనే జరిగి, పశ్చిమ బెంగాల్ 1–0తో కేరళను ఓడించింది. ఆ పోటీ తుది దశలోని గ్రూపు మ్యాచ్‌లకు శ్రీనిధి డెక్కన్ క్లబ్బు మైదానమైన డెక్కన్ అరీనా ఆతిథ్యమిచ్చింది. 2025 అక్టోబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. ఒక్కొక్కరుగా కలకత్తాకు వెళ్లిన ఆటగాళ్ల తరువాత, ఈసారి క్లబ్బే నగరాన్ని విడిచింది.

సందర్శన: లాల్ బహదూర్ స్టేడియం

మెట్రోలో వచ్చేవారు మియాపూర్–ఎల్బీ నగర్ మధ్య నడిచే ఎర్ర మార్గంలో అసెంబ్లీ స్టేషన్‌లో దిగాలి. అక్కడ నుంచి స్టేడియం నడిచివెళ్లగల దూరం. కొత్తవారు ఒక పేరు విషయంలో జాగ్రత్తపడాలి. ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్‌కూ ఎల్బీ స్టేడియానికీ సంబంధం లేదు. రెండింటిలోనూ ఉన్నది లాల్ బహదూర్ పేరే అయినా, ఎల్బీ నగర్ ఆ మార్గం తూర్పు కొసన, స్టేడియానికి అనేక కిలోమీటర్ల దూరంలో ఉంది. రైలులో నాంపల్లి (హైదరాబాద్) స్టేషన్‌కు వచ్చేవారు కూడా నడిచి చేరుకోవచ్చు. ఆర్టీసీ బస్సులలో బషీర్‌బాగ్, ఆబిడ్స్, లక్డీకాపూల్ వైపు వెళ్లేవన్నీ దగ్గరలోనే ఆగుతాయి.

మ్యాచ్ రోజున టికెట్టు మీద ముద్రించిన గేటు సంఖ్య చూసుకొని అటువైపు నుంచే రావడం మేలు, ఎందుకంటే ప్రాంగణం చుట్టూ తిరిగి రావాలంటే పోలీసుల అడ్డుగోడలు దాటవలసి ఉంటుంది. మ్యాచ్ లేని రోజుల్లో ప్రవేశం శిక్షణ శిబిరాలు, సభల ఏర్పాట్లను బట్టి మారుతుంది. ఉదయపు వేళ ప్రయత్నిస్తే ఆటగాళ్ల సాధన చూసే వీలుంటుంది. వాతావరణం రీత్యా నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం, జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండ తీవ్రం. చుట్టుపక్కల 1887లో స్థాపించిన నిజాం కళాశాల, శాసనసభ భవనం, పబ్లిక్ గార్డెన్స్, నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరం ఉన్నాయి. గుట్టమీద నుంచి హుస్సేన్ సాగర్‌తో పాటు పాత ఫతే మైదాన్ పరిసరాలనూ చూస్తే 1687నాటి విడిది కథనానికి నేల ఎలా ఒదుగుతుందో తెలుస్తుంది.

సందర్శన: గచ్చిబౌలి

మెట్రో నీలి మార్గంలో పడమటి చివరి స్టేషన్ రాయదుర్గం. అక్కడ దిగి బయోడైవర్సిటీ కూడలి, గచ్చిబౌలి కూడలి మీదుగా బస్సులోగాని ఆటోలోగాని వెళ్లాలి. విమానంలో శంషాబాద్‌కు వచ్చేవారికి బాహ్య వలయ రహదారి మీదుగా గచ్చిబౌలి చేరడం నగరం మధ్యకు పోవడం కంటె సులువు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పాత ముంబై రహదారి మీదనే, స్టేడియం దాటాక వస్తుంది. పనిదినాల సాయంత్రం ఐటీ కార్యాలయాల రద్దీ తీవ్రంగా ఉంటుంది కనుక, రాత్రి ఏడున్నర మ్యాచ్‌కు కనీసం రెండు గంటల ముందు బయలుదేరాలి.

సూరత్ తెలుగువారికి మార్గం

గుజరాత్‌లోని సూరత్‌లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వెళ్లిన పద్మశాలీలు వీరిలో ఎక్కువ. వారు సాంచెలని పిలిచే మరమగ్గాలే వారిని అక్కడ నిలిపిన ఆధారం. రింగ్ రోడ్డు వస్త్ర మార్కెట్లకు ఆనుకొని ఉన్న పాత పేట సలాబత్‌పురా సూరత్ రైల్వే స్టేషన్‌కు దగ్గర. అక్కడి నుంచి హైదరాబాద్ రాదలచినవారికి రాజ్‌కోట్–సికింద్రాబాద్ ఎక్స్‌ప్రెస్ సూరత్, పుణె, షోలాపూర్, వాడి మీదుగా నడుస్తుంది. దారిలో తగిలే షోలాపూర్ కూడా తెలుగు నేతకారుల మరో పెద్ద స్థావరం.

సికింద్రాబాద్‌లో దిగినవారికి సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషన్ దగ్గర. అక్కడ నీలి మార్గంలో ఎక్కితే బండి మారకుండా రాయదుర్గం వరకు వెళ్లవచ్చు. ఫతే మైదాన్‌కు వెళ్లాలంటే అమీర్‌పేటలో దిగి ఎర్ర మార్గంలోకి మారి, ఎల్బీ నగర్ వైపు వెళ్లే బండిలో అసెంబ్లీ చేరాలి. లింగంపల్లిలో ఆగే రైలు దొరికితే ఇంకా నయం. స్టేషన్ నుంచి పాత ముంబై రహదారి మీద నడిచే బస్సుల్లో గచ్చిబౌలి చూసి, తిరిగి లింగంపల్లి వచ్చి, 2003లో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైలులో నేరుగా నాంపల్లి చేరితే రెండో స్టేడియం కాలినడకన అందుతుంది. ఒక్కరోజులో రెండూ చూడదలచినవారు గచ్చిబౌలితో మొదలుపెట్టి ఫతే మైదాన్‌తో ముగిస్తే, సాయంత్రం రద్దీ పడమటి వైపు పెరిగే వేళకు నగరం మధ్యకు చేరుకోగలుగుతారు.